యంత్రము మేలుకొను వేళ: నెట్‌వర్క్ బూట్‌లో రహస్యము పొక్కు విధము



ఉదయము కార్యాలయమునకు వచ్చి కంప్యూటరు మీట నొక్కినది మొదలు, తెఱమీద సంకేతపదము నడుగు గడి కనబడువఱకు పట్టు కాలము సాధారణముగా ఒక నిమిషమునకు మించదు. ఆ నిమిషమును ఎవ్వరును లెక్కలోనికి తీసికొనరు. హాజరు యంత్రముపై వ్రేలు మోపి, ప్రక్కబల్ల వారిని పలుకరించి, మంచినీళ్ల సీసా నింపుకొని వచ్చునప్పటికి యంత్రము సిద్ధముగా నుండును. వైరసు నిరోధక సాధనమనియు, ఫైర్‌వాల్ అనియు, సంకేతపదములను తఱచు మార్చవలెననియు ఎన్నియో కట్టుబాట్లు కలవు. కాని యంత్రములోపలి కావలివారు దాదాపు అందఱును ఆ నిమిషము గడచిన తరువాత మేల్కొనువారే. అంతకు ముందు యంత్రము ఎవరితో మాటలాడినది, ఎవరి మాట నమ్మినది, తన మెమరీలో నున్నదానిలో ఏమి బయటపెట్టినది అను ప్రశ్నలకు సమాధానము చెప్పగల సాక్షి ఆ యంత్రములో లేడు. నేటి ప్రసంగవిషయము ఆ నిమిషమే.

విద్యుత్తు అందగానే యంత్రములో తొలుత కదలునది విండోస్ కాదు, లినక్స్ కాదు. మదర్‌బోర్డుపై ఒక చిన్న చిప్పులో పదిలపఱచిన ప్రోగ్రాము మొదట నడచును. దానినే ఫర్మ్‌వేర్ అందురు. పూర్వము దీనిని బయాస్ అనెడివారు. వాడుకలో నేటికిని ఆ పేరే నిలిచియున్నది. ఫర్మ్‌వేర్ ఎట్లుండవలెనో నిర్ణయించు ప్రమాణమును 2005లో ఏర్పడిన యూఈఎఫ్ఐ ఫోరమ్ నిర్వహించుచున్నది. ఆ ప్రమాణము ననుసరించి వ్రాయబడి, ఎవరైనను తీసికొని వాడుకొనుటకు వీలుగా బహిరంగముగా నుంచబడిన సోర్స్ కోడు ఈడీకే-2. టియానోకోర్ అను సముదాయము దానిని పోషించుచున్నది. ఏఎంఐ, ఇన్‌సైడ్, ఫీనిక్స్ వంటి ఫర్మ్‌వేర్ వ్యాపారసంస్థలు దాని కోడును తమ సరకులో వాడుకొనుచున్నవి. వారి యొద్దనుండి కంప్యూటరు తయారీదారులు తీసికొని, తమ పేరు అచ్చువేసి అమ్ముచున్నారు. అనగా పెట్టెమీద ఏ పేరున్నను లోపలి పునాది చాలచోట్ల ఒక్కటే. ఒక చెఱువు క్రింద పది కాలువలు పాఱినట్లు. చెఱువులో నీరు మంచిదైనంతకాలము ఇది సౌకర్యమే.

ఫర్మ్‌వేర్‌కు అప్పగించిన పనులలో నెట్‌వర్క్ బూట్ ఒకటి. సాధారణముగా యంత్రము తనలోని డిస్కునుండియే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెచ్చుకొనును. డిస్కు లేని యంత్రములకును, ఒక్కమారే నూఱు యంత్రములలో కొత్త సిస్టమ్‌ను ఎక్కింపవలసిన చోట్లను, తీగద్వారా వేఱొక సర్వరునుండి దానిని తెప్పించుకొను ఏర్పాటున్నది. ఈ ఆలోచన నిన్నటిది కాదు. టీఎఫ్‌టీపీ అను అతి సులభమైన ఫైలు రవాణా పద్ధతి 1981లోను, బూట్‌పీ అను చిరునామా పంపకపు పద్ధతి 1985లోను ప్రకటింపబడినవి. ఇట్టి పద్ధతులను కలుపుకొని ఇంటెల్ సంస్థ పీఎక్స్ఈ అను ఏర్పాటును రూపొందించినది; దాని 2.1వ కూర్పు 1999 సెప్టెంబరులో వెలువడినది. పెద్ద డేటా కేంద్రములలోను, విద్యాసంస్థల ప్రయోగశాలలలోను ఇది నిత్యకృత్యము. వేల సర్వరులున్న చోట ఒక్కొక్కదాని దగ్గఱకు పెన్‌డ్రైవు పట్టుకొని పోవుట ఎవరి తరము?

బదిలీలకు అలవాటుపడిన కేంద్రప్రభుత్వోద్యోగులకు పీఎక్స్ఈ నడచు తీరును బోధపఱచుట కష్టము కాదు. తెలియని ఊరికి బదిలీయైన గుమాస్తా ఒకడు అర్ధరాత్రి రైలు దిగినాడనుకొందము. స్టేషనులో దీపములు లేవు. భాష రాదు. చేతిలో చిరునామా లేదు. అతడు చీకటిలో నిలిచి, "నాకు బస ఎక్కడ ఇచ్చినారు? ఛార్జి ఒప్పగించువారు ఎవరు?" అని కేక వేయును. చీకటిలోనుండి ఎవరో, "నేనే, ఇట్లు రమ్ము" అందురు. ఆ పలికినవాడు ఆఫీసు జవానో, జేబుదొంగయో గుర్తించుటకు గుమాస్తాయొద్ద ఏ ఆధారమును లేదు. అప్పుడే మేల్కొన్న యంత్రము స్థితియు ఇట్టిదే. అది తన నెట్‌వర్క్ భాగములోని వారందఱికిని వినబడునట్లు ఒక అభ్యర్థనను పంపును. తొలుత జవాబిచ్చినవారి మాటను చాలవఱకు నమ్మును. ఇది ఎవరో నిర్లక్ష్యముచే చేసిన పొరపాటు కాదు. ఆ పద్ధతులు పుట్టిన దినములలో ఒకే తీగపై నున్నవారందఱు ఒకే ఇంటివారను నమ్మకముండెడిది.

ఐపీ ఆఱవ కూర్పు, అనగా ఐపీవీ6, వచ్చిన తరువాత ఈ సంభాషణకు కొత్త వ్యాకరణము ఏర్పడినది. చిరునామాలు పంచు డీహెచ్‌సీపీవీ6 ప్రమాణము 2003లోను, దానిద్వారా బూట్ ఫైలు ఆచూకీ తెలుపు విధానము 2010లోను ప్రకటింపబడినవి. యంత్రము మొదట సొలిసిట్ అను అభ్యర్థనను పంపును. సర్వరు అడ్వర్టైజ్ అను జవాబిచ్చును. ఆ జవాబులో ఆప్షన్లనబడు అంశములు వరుసగా నుండును: సర్వరు గుర్తింపు, ఇచ్చెడి చిరునామా, పేర్ల సర్వరుల వివరము మొదలైనవి. ప్రతి అంశము తలమీదను రెండు బైట్లలో దాని సంఖ్య, మఱి రెండు బైట్లలో దాని పొడవు వ్రాసియుండును. ఇక రాబోవు కథయంతయు ఆ పొడవు గడిలోనే యున్నది.

ఫ్రాన్సు దేశపు క్వార్క్స్‌ల్యాబ్ అను భద్రతా పరిశోధనసంస్థ వారు ఈడీకే-2లోని నెట్‌వర్క్ భాగమును పైపైన పరిశీలించుటలోనే తొమ్మిది లోపములు బయటపడినవి. తయారీదారులకు ముందుగా 2023లో తెలియజేసి, 2024 జనవరి 16న వానిని లోకమునకు ప్రకటించిరి. పీఎక్స్ఈని ఆంగ్లమున పిక్సీ అని పలుకుదురు గనుక ఈ లోపముల గుంపునకు పిక్సీఫెయిల్ అను పేరు పెట్టిరి. సీవీఈ పట్టికలో వీని సంఖ్యలు 2023-45229 మొదలు 2023-45237 వఱకు. తొమ్మిదింటిలో మూడు, వచ్చిన సమాచారము దానికై కేటాయించిన చోటును దాటి ప్రక్కకు పొర్లునట్టివి. రెండు, యంత్రమును అంతులేని తిరుగుడులో పడవేయునవి. రెండు, ఊహింపరాని అంకెలు పుట్టింపవలసిన చోట ఊహింపదగిన అంకెలు పుట్టించునవి. మిగిలిన రెండును హద్దు దాటి చదువునవి. మెమరీ పొక్కుటకు దారితీయునవి ఈ రెండే.

వీనిలో మొదటిదాని లెక్క వినదగినది. చిరునామా నిచ్చు అంశమునకు ఐఏ-ఎన్ఏ అని పేరు. దాని సంఖ్య 3. దాని లోపల తొలి 4 బైట్లలో ఒక గుర్తు, తరువాతి 4 బైట్లలో ఒక గడువు, మఱి 4 బైట్లలో ఇంకొక గడువు ఉండును. ఈ 12 బైట్ల తరువాతనే అసలు చిరునామా మొదలైన లోపలి అంశములు వచ్చును. కావున ఫర్మ్‌వేర్ లోపలి అంశముల పొడవు తెలిసికొనుటకు, తలమీద వ్రాసిన మొత్తము పొడవులోనుండి 12 తీసివేయును. 40 వ్రాసియున్నచో 28 మిగులును. 12 వ్రాసియున్నచో సున్న. బాగుగనే యున్నది. ఎవడైన దురుద్దేశముతో అచ్చట 11 వ్రాసినచో?

11లోనుండి 12 తీసివేసినచో ఋణము ఒకటి అని బడిపిల్లలు చెప్పుదురు. కాని ఆ ఫలితమును ఉంచుకొనుటకు ఫర్మ్‌వేర్ కేటాయించిన గడి 16 బిట్లది; దానిలో ఋణసంఖ్యలకు తావు లేదు. పాత అంబాసిడరు కారులోని దూరపు మీటరును సున్నలవద్దనుండి ఒక్క మెట్టు వెనుకకు త్రిప్పినచో తొమ్మిదులన్నియు వరుసగా నిలుచును గదా. అట్లే ఈ గడిలో ఋణము ఒకటి 65,535గా మాఱును. లోపలి అంశములు అఱువదియైదు వేలకు పైగా బైట్లు ఉన్నవని నమ్మి, ఫర్మ్‌వేర్ వానిని వెదకుచు ముందుకు సాగును. వచ్చిన సందేశము కొన్ని పదుల బైట్లలోనే ముగిసినది. ఆపై చదువునదంతయు సందేశము కాదు, యంత్రముయొక్క సొంత మెమరీ. పొడవు 12కు తక్కువ గానున్నదా యని ముందుగా ఒక్క పోలిక చేసియున్నచో ఇంత కథ లేదు.

కార్యాలయ పరిభాషలో చెప్పవలెనన్న, పైనున్న లేఖలో "జతపఱచిన కాగితములు: 40" అని యున్నది. వాస్తవముగా జతపఱచినవి రెండే. పంపకపు గుమాస్తా లెక్కపెట్టడు. అంకెను నమ్మి, కట్టలోనుండి 40 కాగితములు లాగును. రెండు పోగా తక్కిన 38 కాగితములు క్రిందనున్న మఱొక ఫైలువి. అది రహస్య నివేదికయైనను, సెలవు చీటియైనను గుమాస్తాకు ఒక్కటే.

రెండవ లోపము వేఱొక చోట నున్నది. ఐపీవీ6లో పొరుగువారిని తెలిసికొను పద్ధతియందు, "ఈ గమ్యమునకు నా ద్వారా కాక ఫలాని దారిన పొమ్ము" అని రౌటరు చెప్పు రీడైరెక్ట్ అను సందేశము కలదు. దానికిని తోకగా అంశములుండును. ఆ తోకను మధ్యలో త్రుంచి పంపినచో, పూర్తి అంశము వచ్చినదో లేదో నిశ్చయించుకొనకయే ఫర్మ్‌వేర్ దానిని చదువబోవును. రోగమొక్కటే: అవతలివాడు చెప్పిన కొలతను తన కొలబద్దతో సరిచూచుకొనకుండుట.

ఇట్టిదే యొకటి 2014 ఏప్రిల్‌లో లోకమును కలవరపెట్టినది. ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లోని ఆ లోపమునకు హార్ట్‌బ్లీడ్ అని పేరు. అచ్చట సర్వరు అడిగినంత మెమరీని, ఒక్కమారునకు 64 కిలోబైట్ల వఱకు, నేరుగా జవాబులో పెట్టి పంపెడిది. ఈ రెండింటికిని భేదమున్నది. దానిని దాచుట న్యాయము కాదు. పిక్సీఫెయిల్‌లో హద్దు దాటి చదువుట నిశ్చయము. చదివినది బయటికి పోవుటకు మఱొక మెట్టు కావలెను: ఆ బైట్లు యంత్రము తరువాత పంపు సందేశములలో చేరవలెను, లేదా యంత్రపు నడవడిలోని మార్పును బట్టి బయటివాడు వానిని ఊహింపగలుగవలెను. గోప్యతకు భంగము కలుగవచ్చునని అధికారిక ప్రకటనలో నున్నది. ఐనను ఈ రెండింటికి తీవ్రత పదింటికి 6.5గాను, పొర్లెడి మూడింటికి 8.3గాను లెక్కకట్టబడినది. దాడిచేయువాడు అదే స్థానిక నెట్‌వర్క్‌లో నుండవలెను; యంత్రము ఐపీవీ6 ద్వారా నెట్‌వర్క్ బూట్‌కు ప్రయత్నించుచుండవలెను. దూరదేశమున గూర్చుండి ఎవడో మీట నొక్కగానే కార్యాలయములన్నియు దోచుకొనబడునని భయపెట్టుట అతిశయోక్తి.

మఱి భయము దేనికి? మొదటి కారణము, ఫర్మ్‌వేర్ లోకములో గదులకు గోడలు లేవు. ఆపరేటింగ్ సిస్టమ్ లేచిన తరువాత ఒక ప్రోగ్రాము మెమరీని మఱొకటి చూడకుండ అడ్డు నిలుచును. బూట్ వేళ అన్నియు ఒకే మెమరీలో, ఒకే అధికారముతో పనిచేయును. రెండవది, పునఃప్రారంభము చేసినంతమాత్రమున మెమరీ శుభ్రమగుననుట భ్రమ. విద్యుత్తు తీసివేసిన తరువాతను మెమరీ చిప్పులలోని సమాచారము కొన్ని క్షణములు, చల్లపఱచినచో ఇంకను ఎక్కువకాలము నిలుచునని 2008లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు నిరూపించిరి. డిస్కు తాళపుచెవులను సైతము దానినుండి తీసి చూపిరి. కొన్ని ఫర్మ్‌వేర్‌లు లేచునపుడే మెమరీని తుడిచివేయును. అన్నియు అట్లు చేయునను భరోసా లేదు. మూడవ కారణము అన్నింటికంటె పెద్దది. మెమరీ పొక్కుట ఒంటరిగా వచ్చు దొంగ కాదు. ఇంటి ఆనవాళ్లు కనిపెట్టి పోవు వేగువాడు. ఏ వస్తువు ఏ చిరునామాలో నున్నదో వాడు చెప్పినచో, పొర్లెడి లోపములను ఉపయోగించి తన కోడును నడిపింపదలచిన రెండవవాని పని సులభమగును. ఆపరేటింగ్ సిస్టమ్ క్రింద ఒకసారి కాలూనినవానిని పైనుండి చూచి పట్టుకొనుట మిక్కిలి కష్టము.

బూట్ ఫైలు సంతకమును సరిచూచు సెక్యూర్ బూట్ ఉన్నది గదా యని కొందఱు నిశ్చింతగా నుందురు. ఆ పరీక్ష జరుగునది ఫైలు చేతికి వచ్చిన తరువాత. ఇచ్చట తప్పు చిరునామా అడుగునప్పుడే జరిగిపోయినది. పెండ్లిపందిరి ద్వారమున పిలుపు చీట్లు చూచుచున్నారు. దొంగ విడిదియింటిలోనే నగలపెట్టె తెఱచినాడు.

ఇక కనిపెట్టు విధము. భారతదేశమున కంప్యూటరు భద్రతా సంఘటనలను పర్యవేక్షించు సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశముల ప్రకారము, నిర్దిష్టమైన సంఘటనలను తెలిసిన 6 గంటలలోపల తెలియజేయవలెను. లాగులను 180 దినములు భద్రపఱుపవలెను. మంచి కట్టుబాటు. కాని ఆపరేటింగ్ సిస్టమ్ లాగు పుస్తకము తెఱవబడునది నిమిషము గడచిన తరువాత. పిక్సీఫెయిల్ దాడి జరిగినచో ఆ పుస్తకములో కనబడునది, మహా ఐనచో, యంత్రము ఆలస్యముగా లేచినదనియో, మఱల మఱల పునఃప్రారంభమైనదనియో. కనుక సాక్షిని యంత్రములో కాక, వెలుపల తీగపై నిలుపవలెను.

తీగపై నిలిచిన సాక్షికి గుర్తులు స్పష్టముగా చెప్పవచ్చును. డీహెచ్‌సీపీవీ6 సంభాషణ యూడీపీ 546, 547 ద్వారములలో నడచును. అడ్వర్టైజ్ సందేశపు సంఖ్య 2. ఆ సందేశములో 3వ సంఖ్యగల ఐఏ-ఎన్ఏ అంశముయొక్క పొడవు 12కు తక్కువ యున్నచో అది సక్రమమైన సర్వరు మాట కానేరదు. దాని తోబుట్టువైన 4వ సంఖ్య అంశము, ఐఏ-టీఏ, 4 బైట్లకు తక్కువ యుండరాదు. సర్వరు గుర్తింపునకు సంఖ్య 2. ప్రమాణము ప్రకారము ఆ గుర్తింపు, రకపు సంఖ్యకు రెండు బైట్లును కలిపి, 130 బైట్లకు మించరాదు. మించినది కనబడినచో అది పొర్లింపజూచు ప్రయత్నమని అనుమానింపవలెను. పేర్ల సర్వరుల అంశము సంఖ్య 23. ఐపీవీ6 చిరునామా 16 బైట్లది గనుక దాని పొడవు 16చేత నిశ్శేషముగా భాగింపబడవలెను. ఐసీఎంపీవీ6లో 137వ రకపు రీడైరెక్ట్ సందేశములో, చెప్పిన పొడవునకు తగిన బైట్లు లేని తోక కనబడినచో అదియు గుర్తే. వీనికంటె సులభమైనది ఇంకొకటి: ఒకే సర్వరు మాటలాడవలసిన చోట రెండవ గొంతు వినబడుట. సురికాటా, స్నార్ట్, జీక్ వంటి ఉచిత సాధనములకు ఇట్టి నియమములను నేర్పుట అనుభవమున్న నెట్‌వర్క్ అధికారికి పెద్ద పని కాదు. తయారీలో లోపమున్న పరికరములు కూడ ఒక్కొక్కప్పుడు వంకర సందేశములు పంపును; ఐనను అట్టి పరికరమును వెదకి పట్టుకొనుట వృథాశ్రమ కాదు.

ఇచ్చట పలువురు చేయు తప్పొకటి యున్నది. నిఘా పరికరమును కార్యాలయపు ముఖద్వారమున, అనగా బయటి ఇంటర్నెట్‌తో కలియు చోట మాత్రమే నిలిపి తృప్తిపడుదురు. యంత్రము వేయు తొలి కేక ఆ నెట్‌వర్క్ భాగమునకే పరిమితము, రౌటరును దాటిపోదు. దానికి వచ్చు దొంగ జవాబును దాటదు. వీధిగుమ్మముకడ కూర్చున్న కావలివానికి వంటింటిలోని గుసగుసలు వినబడునా? ప్రతి భాగములోను స్విచ్చినుండి నకలు తీసి చూడవలెను. లేదా అనుమతించిన ద్వారమునుండి తప్ప సర్వరు జవాబులను సాగనీయకుండ స్విచ్చికే ఆజ్ఞ యీయవలెను. రెండవ పద్ధతికి డీహెచ్‌సీపీవీ6 షీల్డ్ అని పేరు. 2015లో ఆర్ఎఫ్‌సీ 7610గా వెలువడినది. నకిలీ రౌటరు ప్రకటనలను ఆపు ఆర్ఏ గార్డ్ అంతకు ముందే, 2011లో, వచ్చినది. చాల స్విచ్చిలలో ఈ వసతులు ఉన్నవి. కొన్నప్పుడు డబ్బిచ్చినారు, మీట మాత్రము వేయలేదు.

దాడి జరుగక ముందే ఏ యంత్రములో లోపమున్నదో కనిపెట్టుట మఱొక తీరు పరిశోధన. విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అను చోటను, లినక్స్‌లో డీఎంఐ వివరములలోను ఫర్మ్‌వేర్ కూర్పు, తేదీ కనబడును. తేదీ 2024కు పూర్వపుదై, యంత్రము యూఈఎఫ్ఐ పద్ధతిలో ఐపీవీ6 నెట్‌వర్క్ బూట్ చేయగలదైనచో అనుమానింపవలసినదే. తేదీ ఆ తరువాతిదైనంతమాత్రమున నిర్దోషి యనరాదు; కొత్త సంచిలో పాత బియ్యము పోసి అమ్మువారు అన్ని వ్యాపారములలోను ఉందురు. తయారీదారుని ప్రకటనలో ఈ సీవీఈ సంఖ్యలు పేరుపేరున ఉన్నవో లేదో చూడవలెను. ఇంకను లోతునకు పోదలచినవారు ఫర్మ్‌వేర్ ప్రతిని విప్పి, దానిలో డీహెచ్‌సీపీవీ6 మాడ్యూల్ ఉన్నదో లేదో వెదకుదురు. యూఈఎఫ్ఐలో ప్రతి మాడ్యూలునకు 128 బిట్ల గుర్తింపుసంఖ్య యుండును గనుక వెదకుట సాధ్యమే. మాడ్యూల్ ఉన్నచో అందులో 12తో పోల్చు పరీక్ష చేరినదా లేదా యని చూచుట నిపుణుల పని. తొలి ఏడు లోపములను పరీక్షించుటకు క్వార్క్స్‌ల్యాబ్ వారు ప్రోగ్రాములను కూడ బహిరంగపఱచిరి. వానిని ప్రత్యేకముగా విడదీసిన తీగపైననే, విడిగా నుంచిన యంత్రముపైననే ప్రయోగింపవలెను. జీతముల బిల్లులు తయారగుచున్న దినమున పనిలోనున్న నెట్‌వర్క్‌పై ప్రయత్నించినచో, దొంగ చేయవలసిన పని పరీక్షకుడే చేసినట్లగును.

ఈ విషయము ప్రభుత్వోద్యోగులకు ఏల పట్టవలెనను ప్రశ్నకు సమాధానము తేదీలలోనే యున్నది. భారత ప్రభుత్వపు టెలికం విభాగము ఐపీవీ6 ప్రవేశమునకై 2010 జూలైలో మొదటి మార్గపత్రమును, 2013లో రెండవదానిని ప్రకటించినది. తరువాత ప్రభుత్వసంస్థలు ఆ మార్పును ముగింపవలసిన గడువును 2022 జూన్ 30గా సవరించినది. చిరునామాల కొఱత దృష్ట్యా ఆ నిర్ణయము సరియైనదే, తప్పనిసరియే. కాని కొత్త దారి వేసినచోట కొత్త కావలి కావలెను. పాత ఐపీవీ4 దారిలో నకిలీ డీహెచ్‌సీపీ సర్వరును పట్టుకొను అలవాటు నెట్‌వర్క్ అధికారులకు ఏండ్ల తరబడి యున్నది. ఐపీవీ6ను తాము పెట్టలేదు గనుక లేదని భావించు కార్యాలయములలోను యంత్రములు తమంతట తాము స్థానికముగా ఐపీవీ6 మాటలాడుచునే యుండును. పరాకు అచ్చటనే యెక్కువ.

సవరణ ప్రయాణము మఱొక కథ. చెఱువులో నీరు శుద్ధిచేయబడినది. అది ఫర్మ్‌వేర్ వ్యాపారి కాలువలోనికి, అందుండి కంప్యూటరు తయారీదారుని కాలువలోనికి, అందుండి కార్యాలయపు బల్లమీదికి చేరవలెను. ప్రతి తూమువద్దను కొన్ని నెలలు గడచును. చివరి తూమువద్ద ఎవరు నిలిచియున్నారు? చాలచోట్ల ఎవరును లేరు. వార్షిక నిర్వహణ ఒప్పందములో కీలుబోర్డు మార్చుట, దుమ్ము దులుపుట, వైరసు నిరోధక సాధనమును నవీకరించుట ఉండును. ఫర్మ్‌వేర్ నవీకరణ యను మాట తఱచు ఉండదు. స్టాకు రిజిస్టరులో యంత్రపు క్రమసంఖ్య, కొన్న తేదీ, ధర, ఏ గదిలో నున్నదో వ్రాయుదురు. ఫర్మ్‌వేర్ కూర్పునకు గడి లేదు. గడి లేనిదానిని తనిఖీ అధికారి అడుగడు. అడుగనిదానిని ఎవరును వ్రాయరు. ఈ గడిని చేర్చుటకు పైసా ఖర్చు లేదు. టెండరు షరతులలో, యంత్రము పనిచేయునన్ని సంవత్సరములు ఫర్మ్‌వేర్ సవరణలు ఉచితముగా అందింపవలెనను వాక్యము చేర్చుటకును ఖర్చు స్వల్పమే.

సవరణ వచ్చులోపల చేయవలసినది కొంత గలదు. నెట్‌వర్క్ బూట్ అవసరము లేని యంత్రములలో దానిని సెట్టింగులలోనే నిలిపివేయవలెను. కొన్ని యంత్రములలో ఐపీవీ4 బూట్‌కు, ఐపీవీ6 బూట్‌కు వేర్వేఱు మీటలున్నవి. రెండవది ఆపుట మఱువరాదు. బూట్ వరుసలో నెట్‌వర్క్ చివరనున్నను, డిస్కు చెడిన దినమున యంత్రము తీగవైపు చూచునను సంగతి గుర్తుంచుకొనవలెను. నెట్‌వర్క్ బూట్ తప్పనిసరియైన చోట, ఆ పనికి వేఱొక నెట్‌వర్క్ భాగమును కేటాయించి, సందర్శకుల ల్యాప్‌టాపులకును, సమావేశమందిరపు గోడలోని ప్లగ్గులకును దానితో సంబంధము లేకుండ చేయవలెను.

తొమ్మిదింటిలో చివరి రెండింటిని, అనగా ఊహింపదగిన అంకెలు పుట్టించు లోపములను, ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. హద్దులు సరిచూచుట ఒక పోలికతో తీఱును గాని, ఊహింపరాని అంకెలు పుట్టించుటకు ఫర్మ్‌వేర్‌లో తగిన మూలమును ఏర్పఱుపవలెను. ఆ కారణమున ఈడీకే-2లో తొలి ఏడింటికి సవరణలు ముందు వచ్చినవి; చివరి రెండింటికి తరువాత వచ్చినవి. 2024 ఆరంభములో ఒకసారి నవీకరించి, జాబితాలో "పూర్తియైనది" అని గుర్తు పెట్టిన యంత్రములలో 45236, 45237 సంఖ్యల లోపములు ఇంకను మిగిలియుండవచ్చును. తనిఖీ పట్టికలో ఆ రెండు సంఖ్యలకు వేఱుగా గడులు గీయవలెను.